ఆరని దుంగ

ఎసెన్‌గుల్ ముసలాయన పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళి దుంగని మూడు దెబ్బలు కొడితేగాని సరస్సు ఒడ్డున ఉన్న మా తోసోర్ ఊళ్ళో తెల్లవారినట్టు కాదు. వేలి కణుపుతో రెండుసార్లు గబగబా, కాస్త ఆగి ఇంకోసారి. ఆ తరవాత దుంగకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ప్రార్థనలో ఉన్నవాడిలా కాసేపు నిలబడతాడు. అప్పుడు గడప దాటి వచ్చి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళతో, ఎవరూ లేకపోతే కుక్కతో, "ఇంకా ఆరలేదు" అంటాడు.

మూడేళ్ళుగా ఇదే మాట. వాళ్ళదీ మాదీ ఒకటే గోడ కాబట్టి అటు కొట్టిన దెబ్బ ఇటు వినబడుతుంది. వినీ వినీ మా ఇంట్లో అదొక వెక్కిరింతైపోయింది. పొయ్యి మీద మాంసం ఉడకలేదంటే చాలు, ఎవరో ఒకరు "ఇంకా ఆరలేదు" అని గొంతు లావు చేసి అనేవారు.

అది ఖుబానీ దుంగ. వాళ్ళ నాన్న పెరట్లో నాటిన చెట్టుది. ఇరవై రెండేళ్ళ కిందట ఒక పాడు చలికాలం ఆ చెట్టుని చంపేసింది. ఎసెన్‌గుల్ దాన్ని కొట్టి, నిటారుగా ఉన్న ముక్క ఒకటి తీసి, పగుళ్ళు రాకుండా రెండు చివరలకీ గొర్రె కొవ్వు పట్టించి, కొట్టం దూలానికి వేలాడదీశాడు. మా దగ్గర కొముజ్ అంటే అలాంటి కొయ్యే కావాలి. మూడు తీగల వాయిద్యం. మొండెం, మెడ, తల అన్నీ ఒకే దుంగలోంచి తొలుచుకుంటూ రావాలి, పైన మూత పలక ఒక్కటే వేరు. మెడకి అతుకు పెడితే పాట అక్కడే తెగిపోతుందని ఆయన నమ్మకం. చెట్టు పడిన రోజు కూతురు జిపార్ దాన్ని కౌగిలించుకుని ఏడుస్తుంటే, "ఊరుకో తల్లీ. ఇది ఆరనీ. దీంట్లోంచి నీకో కొముజ్ తీస్తాను. నా చేతి చివరి కొముజ్ అదే" అని మాటిచ్చాడు. అప్పటికి జిపార్‌కి తొమ్మిదేళ్ళు.

మూడేళ్ళుగా ఆయన ఇంకో కొయ్య ముట్టుకోలేదు. కరకోల్ నుంచి, బిష్కెక్ నుంచి కొముజ్ కోసం వచ్చినవాళ్ళని "ముందు ఇది కానివ్వండి" అని పంపించేసేవాడు. వాళ్ళు కూడా కోపం తెచ్చుకోకుండా, పొయ్యి దగ్గర మూడు నెలలు ఆరబెట్టి అమ్మేసే ఈ రోజుల్లో ఇలాంటి పనివాడు ఇంకెక్కడున్నాడని మెచ్చుకుంటూ పోయేవాళ్ళు. మేమూ అలాగే అనుకున్నాం. మనలో మాట, మాకంత బుద్ధి తక్కువ.

ఆ అక్టోబరులో పెళ్ళిళ్ళ కాలం అయిపోయాక జిపార్ పెద్ద అట్టపెట్టె ఒకటి పట్టుకుని ఇంటికి వచ్చింది. బిష్కెక్‌లో పెళ్ళిళ్ళకి వాయించే బ్యాండులో పదకొండేళ్ళుగా బేస్ గిటారు వాయిస్తోంది. మధ్యలో పెళ్ళి చేసుకుంది, నాలుగేళ్ళకి విడిపోయింది. ఇప్పుడు ముప్ఫయ్యొకటి. ఆ పెట్టెలో గిటారు లేదు, గిటారు ముక్కలున్నాయి. వాటన్నిటినీ నాన్న కొట్టంలో కూర్చుని తనకి నచ్చినట్టు ఒక్కటిగా చేసుకోవాలని ఆమె ఆశ.

ఒక రోజు పొద్దున ఆయన భార్య సోనున్ టీ కాచి, నూనెలో వేయించిన బూర్సోక్ రొట్టెముక్కలు గుడ్డ మీద పోసి, కిటికీలోంచి పిలిచింది.

"ముసలాయనా, టీ చల్లారిపోతోంది!"

పలకలేదు. ఇంకో రెండుసార్లు పిలిచి, నిట్టూర్చి, చెప్పులేసుకుని కొట్టం దాకా వెళ్ళి భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చింది. పనిలో పడితే ఆయనకి లోకం పట్టదని ఇంట్లోవాళ్ళు ఎప్పుడో రాజీపడిపోయారు.

"ఇంకా ఆరలేదు" అంటూ కూర్చున్నాడు ఆయన. రొట్టె తుంచుతూ కిటికీ గట్టు మీద పరిచి ఉన్న ముక్కల్ని చూసి నవ్వాడు. "ఏమమ్మా, నీ శవాల పంచాయితీ ఎంతవరకు వచ్చింది?"

"మెడ ఒక్కటే మిగిలింది ఆతా" అంది జిపార్. మా దగ్గర తండ్రిని ఆతా అనే అంటారు, తల్లిని ఆపా అని.

"మొండెం అర్స్‌లాన్‌బాబ్ అడవి అక్రోటు చెట్టుది. మెడ ఏ చచ్చిపోయిన సోవియట్ గిటారుదో, ఓష్ బజారు చెత్తలోది. తీగల మోత పట్టే అయస్కాంతాలు మాస్కో నుంచి. బిరడాలు ఎక్కడివి?"

"మా డ్రమ్ముల కుర్రాడివి. వాడి పాత గిటారుకి ఊడదీసి ఇచ్చాడు."

"చూశావా ముసలమ్మా? ఒకరి తల, ఇంకొకరి మెడ. రేప్పొద్దున ఇది వాయిస్తే ఏ భాషలో ఏడుస్తుందో."

సోనున్ నవ్వలేదు. ఆయన కప్పులో పాలు పోస్తూ ఉండిపోయింది.

"మీరు నవ్వుతారు గానీ ఆతా, దీనికి మెట్లుండవు తెలుసా? ఆ పాత మెడ మీదున్న ఇనుప మెట్లన్నీ పీకేశాను. ఇన్నేళ్ళూ మెట్ల గిటారు వాయించి విసుగెత్తిపోయింది. నిచ్చెన ఎక్కి దిగుతున్నట్టే ఉంటుంది. పెళ్ళిలో తల్లి కూతుర్ని పంపిస్తూ పాడుతుంది చూడండి, ఆ ఏడుపు సరిగ్గా రెండు మెట్ల మధ్యలో ఉంటుంది. వేలు అక్కడ పెడదామంటే చోటుండదు. కొముజ్‌కి మెట్లున్నాయా? నాకు మీరు నేర్పిందే అలా కదా."

ఎసెన్‌గుల్ ఆమె నోటి వైపే చూస్తూ విన్నాడు. విని, "ఊఁ" అన్నాడు.

"ఊఁ ఏమిటి, ఏదో ఒకటి చెప్పండి."

"మరలు బిగించి నిలబెట్టేది వాయిద్యం కాదే పిల్లా. బల్ల. నా కొట్టంలో బల్లలు చేసుకోవడానికి అడ్డు చెప్పను, చేసుకో" అని మూతి తుడుచుకుని లేచిపోయాడు.

నిజానికి మెడతోనే చిక్కొచ్చి పడింది. మెట్లు పీకుతుంటే వాటితోపాటు మెడ మీద వేళ్ళు నొక్కే పలక కూడా పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయింది. ఆ చోట కొత్త పలక వెయ్యాలి. మెట్లు లేని గిటారులో తీగ నేరుగా కొయ్య మీదే ఒత్తుకుంటుంది, మెత్తని కొయ్యైతే ఏడాదికే చాళ్ళు పడిపోతాయి. గట్టిదీ, నిటారుదీ, కనీసం మూరన్నర పొడవుదీ కావాలి. ఊళ్ళో వడ్రంగి దగ్గర అంతా దేవదారే. జిపార్ రెండు రోజులు ఊరంతా తిరిగి, మా ఇంటికి కూడా వచ్చి, పాత ఉయ్యాల కర్రలు చూసి వెళ్ళింది.

మూడో రోజు బార్స్కూన్‌లో చుట్టాలింట్లో సంవత్సరీకం విందుంటే ఎసెన్‌గుల్ పొద్దున్నే వ్యానెక్కి వెళ్ళాడు. వ్యాను మలుపు తిరిగిందో లేదో, సోనున్ కొట్టంలో ముక్కాలిపీట ఎక్కి, దూలానికి కట్టిన తాడు విప్పి, దుంగని పసిపిల్లని దించినట్టు దించి కూతురి ముందు పెట్టింది.

"తీసుకో."

"ఆపా! నీకేమైనా పిచ్చా? అది ఆతాది."

"నీకోసం ఉంచిందే కదా. నీదే."

"ఆయన ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నాడు." సోనున్ చేతులకంటిన దుమ్ము దులుపుకుంటూ ఎటో చూస్తూ చెప్పింది. "అది ఇక ఆరదని ఆయనకీ తెలిసిపోయింది. కొముజ్‌కి పనికిరాదట. పిల్ల అడుగుతోందంటే ఇచ్చెయ్యమన్నాడు. నీతో చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు, నువ్వు మళ్ళీ ఆయన్ని కదిలించకు."

నలభై ఏళ్ళ కాపురంలో సోనున్ అబద్ధం చెప్పడం నేనెరగను. జిపార్ కూడా ఎరగదు. అందుకే నమ్మింది. దుంగని దుప్పట్లో చుట్టుకుని మిల్లుకి తీసుకెళ్ళింది. రంపం పెట్టగానే పొట్టు పొడిపొడిగా, గోధుమపిండిలా ఎగిరింది. మిల్లువాడు మెషీను ఆపి, వేళ్ళ మధ్య పొట్టు నలిపి చూసి, "ఎన్నాళ్ళు ఆరబెట్టారమ్మా దీన్ని? ఎముకైపోయింది" అన్నాడు. పచ్చి కొయ్యైతే పొట్టు తడిగా ముద్దలు కడుతుంది, కొముజ్ చేసేవాడి కూతురికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. కానీ పలక కావాలి. కావాలనుకున్నప్పుడు మనం మనల్ని పెద్దగా ప్రశ్నలడగం. "కానివ్వండి" అంది.

దుంగ నడిమధ్యలోంచి వేలి మందాన పలక వచ్చింది. లేత తేనెరంగులో, మధ్యలో ఎర్రని చారలతో, చూస్తే కళ్ళు తిప్పుకోలేనట్టుంది. రెండు పక్కలా రెండు చెక్కలు మిగిలాయి. వాటిలో దేన్ని తొలిచినా ఇక కొముజ్ కడుపు రాదు. ఆ మందం లేదు.

మర్నాడు పొద్దున మా ఇంట్లో దెబ్బల చప్పుడు వినబడలేదు. నేను ఆవుకి నీళ్ళు పెడుతూ, ముసలాయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆ గోడ వెనక ఏం జరిగిందో సోనున్ తరవాత నా ఒళ్ళో తల పెట్టుకుని చెప్పింది.

ఎసెన్‌గుల్ రెండు చెక్కల్ని చెరో చేతిలో పట్టుకుని గడపలో నిలబడ్డాడట.

"ఎవరు?" అన్నాడు.

జిపార్ చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. "ఆతా, మీరే కదా..."

"ఎవరు కోశారని అడుగుతున్నాను!"

"నేనే. మీరు ఒప్పుకున్నారని ఆపా చెప్పింది." తల్లి వైపు చూసింది. సోనున్ పాలగిన్నెలోకి చూస్తోంది. జిపార్ టీ కప్పు కింద పెట్టేసింది.

"నేనా? నేను ఒప్పుకున్నానా?" ఆయన గొంతు ఇంటి కప్పుకి తగిలింది. "ఇరవై రెండేళ్ళు! మా నాన్న చేతి చెట్టు. ఏటేటా కొవ్వు రాసి, ఎలక పడకుండా, ఎండ తగలకుండా పిల్లల కంటే ఎక్కువ చూసుకున్నాను. దాన్ని తీసుకెళ్ళి కట్టెల మిల్లులో పడేస్తావా? ఆ మరల బల్లకి మాసిక వెయ్యడానికా?"

"మాసికే! అవును, మాసికే!" జిపార్‌కి కూడా పుట్టింది కోపం. భయపడ్డవాళ్ళకి వచ్చే కోపం. "నాకోసం కదా ఉంచారు? మాటిచ్చి ఎన్నేళ్ళైంది? నా పెళ్ళికి ఇస్తారనుకున్నాను, ఆరలేదన్నారు. మొగుణ్ణి వదిలేసి సూట్‌కేసుతో వచ్చాను, ఆ వేళైనా చేతిలో పెడతారనుకున్నాను, అప్పుడూ ఆరలేదు. ఇంకెప్పుడు ఆరుతుంది ఆతా? నా సమాధి మీద పెట్టడానికా?"

"ఆరని కొయ్య తొలిస్తే పగులుతుంది. నీకేం తెలుసే! రోజూ వింటున్నది నేను. అది ఇంకా మూగగానే ఉంది. ఆరితే మోగుతుంది, పచ్చిది మోగదు. అది మోగలేదు!"

"పచ్చా? రంపం పెడితే పిండిలా రాలింది. ఎముకైపోయిందన్నాడు మిల్లువాడు."

"మిల్లువాడా నాకు చెప్పేది!"

చెక్కలు రెండూ గోడవారకి విసిరేసి, ఆయన వెనక్కి తిరిగి, వాకిట్లోంచి సరస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

జిపార్ లేచింది. ఒక చెక్క తీసుకుని, చిన్నప్పుడు ఆయన నేర్పినట్టే, ఒక కొసని రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని వేలాడదీసి, కణుపుతో కొట్టింది. ఖంగుమంది. గదంతా నిండింది ఆ మోత.

"విన్నారా?"

ఆయన తిరగలేదు.

పంతం అనుకుంది. ఇంకా గట్టిగా కొట్టింది. అల్మారాలో కప్పులు సన్నగా గలగలలాడాయి. ఆయన తిరగలేదు. మూడోసారి కణుపు మీద తోలు లేచిపోయేలా కొట్టింది. బయట పడుకున్న కుక్క కూడా తల ఎత్తి మొరిగింది. ఆయన సరస్సు వైపే చూస్తున్నాడు. అప్పుడు జిపార్ తల్లి వైపు చూసింది. సోనున్ తల గుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని, చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

కాసేపటికి ఆయనే తిరిగాడు. "ఏమే? ఇందాక అంత నోరు పెట్టుకుని అరిచావు, ఇప్పుడు మాట పడిపోయిందా? జవాబు చెప్పవేం?"

ఆయన కూతురి చేతిలో వేలాడుతున్న చెక్కని చూశాడు. కణుపు మీది నెత్తురు చూశాడు. భార్యని చూశాడు. మొహంలో కోపం మెల్లమెల్లగా జారిపోయి, ఆ చోట ఇంకేదో వచ్చింది. దాన్ని చూడలేక జిపార్ తల దించుకుంది.

"కొట్టావా?" అన్నాడు చిన్నగా.

"కొట్టాను ఆతా."

"తల ఎత్తి చెప్పు. పెదాలు కనబడాలి నాకు. కొట్టావా?"

"కొట్టాను."

"మోగిందా?"

జిపార్ చెక్కని కింద పెట్టేసింది. ఆయన సోనున్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు ముసలమ్మా. మోగిందా?"

"మోగింది."

"ఇవాళ మోగిందా, ఎప్పుడూ మోగుతుందా?"

"రోజూ మోగేది." సోనున్‌కి ఇక ఆగలేదు. "మూడేళ్ళుగా రోజూ మోగేది ముసలాయనా! గంటలా మోగేది. గోడ అవతలవాళ్ళకి కూడా వినబడేది. నువ్వు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఎంత ఆశగా నిలబడేవాడివో. ఆపైన ఆరలేదంటూ వచ్చి టీ తాగేవాడివి. నేను నీకు టీ పోసేదాన్ని!"

"చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? చెబితే ఆ రోజే కొయ్య తొలిచే బాడిసని మూల పడేస్తావు. రేపు ఆరుతుంది, రేపు ఆరుతుందని లేచి తిరుగుతున్నావు. ఆ రేపు కూడా తీసేసుకుంటే నీకేం మిగులుతుంది?"

ఎసెన్‌గుల్ పరుపు మీద కూర్చున్నాడు. తల మీది ఉన్ని టోపీ తీసి మోకాలికి తగిలించి, దాని అంచులు సరిచేశాడు.

"పక్షులు తగ్గిపోయాయనుకున్నాను" అన్నాడు. "అన్నీ ఎటో వలస పోయాయనుకున్నాను."

ఆ తరవాత ఆయన కొట్టంలోకి వెళ్ళడం మానేశాడు. పొయ్యి పక్కన కూర్చుని బొగ్గులు ఎగదోసేవాడు. పెట్టింది తినేవాడు. మాట్లాడించబోతే కళ్ళు దించేసుకునేవాడు, పెదాలు కనబడకపోతే ఇక ఎవరి మాటా ఆయన దాకా వెళ్ళదు కదా. మొదటి మంచు పడింది. పొద్దున్నే చప్పుడు లేకపోతే మా ఇంట్లో కూడా ఏదో పోగొట్టుకున్నట్టే ఉండేది. వెక్కిరింతలు ఆగిపోయాయి. నాకు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

తల్లీకూతుళ్ళకి కూడా మాటల్లేవు. నాలుగో రోజు జిపార్ ముక్కలన్నీ పెట్టెలో సర్దేసుకుంటుంటే సోనున్ గుమ్మంలో నిలబడింది.

"ఏం చేస్తున్నావు?"

"వెళ్ళిపోతున్నాను. ఇంకా ఏం కోయించాలి నా చేత?"

"జిపార్..."

"నా చేత ఎందుకు చేయించావు ఆపా? ఆయన్ని నిలువునా కోయించావు. అబద్ధం చెప్పి మరీ!"

"నా నోటితో చెప్పలేక నీ రంపంతో చెప్పించాను" అంది సోనున్. "తప్పే. నా తప్పే, నాకు తెలుసు. మూడేళ్ళు పొద్దున్నే ఆ చప్పుడు వింటూనే లేచాను. ఎక్కడో ఒకచోట తెగిపోతే బాగుండుననిపించింది. నువ్వొచ్చావు, నీకు పలక కావాలన్నావు." తల గుడ్డ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నన్ను తిట్టు, పడతాను. ఆ పలకని మాత్రం పెట్టెలో పడెయ్యకు. కొముజ్ ఎలాగూ కాదు. కనీసం ఏదో ఒకటి కానీ. ఏదీ కాకుండా పోతే ఆయన ముందు నేనేం మొహం పెట్టుకుని తిరగను?"

జిపార్ ఆ రోజు వెళ్ళలేదు. కొట్టంలో పొయ్యి వెలిగించి, నాన్న సరేసు జిగురు డబ్బా వేడిచేసి, మెడకి ఖుబానీ పలకని అతికించి, ఉన్న బిగింపులన్నీ వేసి రెండు రోజులు వదిలేసింది. తరవాత చిత్రిక పట్టింది, గరుకు కాగితంతో రుద్దింది. అక్రోటు మొండేనికి నాలుగు మరలతో మెడ బిగించింది. అయస్కాంతాలు పొదిగి, బిరడాలు దిగ్గొట్టి, నాలుగు లావుపాటి తీగలు ఎక్కించింది. పని చేస్తున్నంతసేపూ సంతోషమన్నది లేదు. ఒక్కో మర బిగిస్తుంటే ఎవరినో నొప్పిస్తున్నట్టే ఉండేదట.

అంతా అయ్యాక వాయించి చూస్తే, మెడ సగం దాటగానే తీగ ఒకచోట జీరుమంటోంది. పలకలో ఎక్కడో ఉబ్బుంది. మెట్లుంటే ఏ మెట్టో తెలిసిపోతుంది, మెట్లు లేని పలక మీద ఎక్కడని వెతకాలి? స్కేలు పెట్టి చూసింది, దీపం అడ్డం పెట్టి చూసింది. రుద్దిన చోటు కాకుండా పక్కచోటు జీరుమనేది. ఆ మధ్యాహ్నం కళ్ళు మండిపోయి, గిటారుని ఒళ్ళో పెట్టుకుని, పలక మీద నుదురు ఆనించి కూర్చుండిపోయింది.

తలుపు తెరుచుకుని చలిగాలి వచ్చింది. తల ఎత్తితే ఎదురుగా ఎసెన్‌గుల్. పొయ్యిలో వెయ్యడానికి కొట్టంలో ఉన్న పేళ్ళ కోసం వచ్చాడట. అలాగని తరవాత సోనున్‌తో చెప్పుకున్నాడు.

ఆయన కూతుర్ని చూడలేదు. పలకని చూశాడు. కాసేపు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, తరవాత దగ్గరికి వచ్చి, బొటనవేలిని తీగల కింద దూర్చి ఆ చివర నుంచి ఈ చివరికి మెల్లగా జరిపాడు. ఒకచోట ఆగింది వేలు. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇక్కడ" అన్నాడు. "స్కేలుతో కొలిస్తే దొరకదు. వేలికి దొరుకుతుంది."

తీగలు వదులు చేయించి, అరలోంచి గాజు పెంకు తీసి, వేలు ఆగిన చోట నాలుగుసార్లు గీశాడు. పొట్టు కూడా కాదు, పుప్పొడి రాలింది. దాన్ని అరచేతిలోకి తీసుకుని చూశాడు. ఎంత పొడిగా ఉందో ఆయన వేళ్ళకి తెలియకపోతుందా? పారెయ్యకుండా గుప్పిట మూసుకున్నాడు.

"వాయించు" అన్నాడు.

జిపార్ తీగలు బిగించి, అన్నిటికంటే మందపు తీగని మీటింది. జీర పోయింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు, వినబడలేదని. చెయ్యి చాచి మొండెం మీద పెట్టాడు. తరవాత ఏమనుకున్నాడో, మోకాళ్ళ మీద కూర్చుని, దుంగకి చెవి ఆనించినట్టే, గిటారు మొండెం పైకొమ్ముకి దవడ ఆనించాడు.

"మళ్ళీ."

మీటింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. నిప్పు తగిలినవాడిలా వెనక్కి జరిగి, దవడ తడుముకుని, మళ్ళీ వచ్చి ఆనించాడు. ఏం వాయించాలో జిపార్‌కి తోచలేదు. ఆరేళ్ళప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని కొముజ్ మీద నేర్చుకున్న మొదటి పాట, దూడ తప్పిపోయిన ఆవు పాట, దాన్ని అందుకుంది. మంద్రంలో, చాలా మెల్లగా. రెండో వరుస దగ్గరకొచ్చేసరికి ఆయన వేళ్ళు తన మోకాలి మీద తీగలు లేకుండానే ఆ పాట నొక్కుతున్నాయి.

"ఆగు!" అన్నాడు హఠాత్తుగా, కళ్ళు తెరవకుండానే. "ఆ రెండు తీగలూ కలిపావే, అక్కడ. కలవలేదు. ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి, దవడలో కొట్టుకుంటోంది నాకు. వేలు కాస్త ముందుకి జరుపు. ఇంకాస్త. వెంట్రుకవాసి. ఆఁ... చూడు, కొట్టుకోవడం ఆగిపోయింది. అదీ చోటు."

అదే చోటని జిపార్ చెవులకి కూడా తెలిసింది. మెట్లున్న గిటారైతే వేలు అక్కడికి వెళ్ళే దారే లేదు. ఆమె ఏడుస్తూ పాట పూర్తిచేసింది. ఆయన దవడ తియ్యలేదు. ముడతల మధ్య నుంచి కన్నీళ్ళు జారి అక్రోటు కొయ్య మీద పడుతుంటే, ఆయనే ముంజేత్తో తుడిచి మళ్ళీ ఆనుకున్నాడు.

"నన్ను క్షమించండి ఆతా" అంది జిపార్. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు కాబట్టి ఆ మాట ఆయనకి అందలేదు. ఆయన భుజం తట్టి, కళ్ళు తెరిచాక, పెదాలు కనబడేలా మళ్ళీ చెప్పింది. "మీ దుంగని పాడుచేశాను."

"కొముజ్ పోయింది" అన్నాడు ఆయన. దాచకుండా, ఓదార్చకుండా. "నా చేతిలో ఇక కొముజ్ లేదు. నువ్వు కొయ్యకపోయినా లేదు. ఇంకో మూడేళ్ళు కొట్టుకుంటూ కూర్చునేవాణ్ణి, ఆ దుంగ పక్కనే నన్నూ పడుకోబెట్టేవాళ్ళు."

లేచి నిలబడ్డాడు. గుప్పిట విప్పకుండా, ఒంటిచేత్తోనే గోడకి తగిలించి ఉన్న బాడిస తీసి, నూనె గుడ్డతో దాని అంచు తుడిచి, ఆ గుడ్డలోనే చుట్టి అరలో పెట్టేశాడు. జిపార్ వద్దనబోయి ఆగిపోయింది. తరవాత ఆయన తిరిగి వచ్చి గిటారు ముందు రెండు అరచేతులూ తెరిచాడు. మా దగ్గర పనివాడు తన చేతి వాయిద్యం ఇల్లు దాటి వెళ్ళేముందు అలా దీవించి పంపిస్తాడు. బల్లల్ని ఎవరూ దీవించరు. జిపార్ గబగబా లేచి తనూ చేతులు చాపింది. గుప్పిట తెరిచినప్పుడు ఆయన అరచేతిలో దాచుకున్న పుప్పొడి కాస్తా గిటారు మీద రాలింది.

పెదాలు కదిలించి దీవించి, అరచేతులతో మొహం తుడుచుకుని, ఆయన తలుపు వైపు తిరిగాడు. సోనున్ టీ కెటిల్ పట్టుకుని మంచులో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో, తల గుడ్డ తెల్లబడిపోయింది. లోపలికి రావడానికి ఆమెకి ధైర్యం చాలడం లేదు.

పదకొండు రోజుల తరవాత ఎసెన్‌గుల్ మొట్టమొదటిసారి భార్య మొహంలోకి చూశాడు.

"ఆరింది ముసలమ్మా" అన్నాడు. "లోపలికి రా. టీ పొయ్యి."